డయాలసిస్‌లో ఉన్న మా అప్పకి నెలసరి ఆగట్లేదు, ఈ మాట ఎవరికి చెప్పాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
మా అప్పకి 43. కవిటి వైపు ఇచ్చాం. ఉద్దానంలో చాలా ఇళ్లలో లాగే తనకీ కిడ్నీలు పోయాయి, బావ చనిపోయాక మేమే తెచ్చుకుని ఇక్కడ వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాం. మూడు నెలలుగా నెలసరి వస్తే పది పన్నెండు రోజులు ఆగట్లేదు, గడ్డలుగా పోతోంది. హిమోగ్లోబిన్ 9 ఉండేది 6.4కి వచ్చేసింది. రక్తం ఎక్కించారు గానీ ఎందుకు పడిపోయిందని ఎవరూ అడగలేదు, అప్పా చెప్పలేదు. మెషిన్ దగ్గర ఉండేది ఒడియా కుర్రాడు, తనకి ఒడియా రాదు, "ఆ పిల్లాడికి ఈ మాట ఎలా చెప్పనే" అంటుంది. మందుల షాపులో ట్రానెక్సామిక్ యాసిడ్, మెఫెనమిక్ యాసిడ్ కలిసిన బిళ్లలు ఇచ్చారు. వేయాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1 (గంజాం జిల్లా, డయాలసిస్ స్టాఫ్ నర్సు):
చెల్లీ, ముందు ఆ బిళ్లలు పక్కన పెట్టేయండి. ట్రానెక్సామిక్ యాసిడ్ మూత్రంలోనే బయటికి పోయే మందు, కిడ్నీ పనిచేయనప్పుడు ఒంట్లో పేరుకుపోతుంది, అందుకే మామూలు మనిషికిచ్చే డోసు మీ అప్పకి ఇవ్వకూడదు, ఎంత ఇవ్వాలో కిడ్నీ డాక్టరే చెప్పాలి. మెఫెనమిక్ అయితే కడుపులో పుండు పడి అక్కడ కూడా రక్తం పోయే ప్రమాదం ఉంది, ఇంకా కాస్తో కూస్తో వస్తున్న మూత్రం కూడా తగ్గిపోతుంది. నొప్పికి పారాసిటమాల్ చాలు, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులోనే.

నెలసరి ఆగకపోవడానికీ, కిడ్నీ జబ్బుకీ, డయాలసిస్‌కీ సంబంధం ఉంది. రక్తంలో మలినాలు పెరిగితే ప్లేట్‌లెట్లు లెక్కకి సరిపడా ఉన్నా సరిగా అతుక్కోవు. దాని మీద మెషిన్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తాం. నెలసరిలో ఉన్న మనిషికి అది పూర్తి డోసు పడితే ఇంటికెళ్లాక ఇంకా ఎక్కువ పోతుంది. ముందే చెబితే హెపారిన్ తగ్గిస్తాం, లేదా అసలు వేయకుండా మధ్యమధ్యలో సెలైన్‌తో ఫ్లష్ చేస్తూ నడుపుతాం. సూది గుచ్చకముందే ఈ మాట మాకు తెలియాలి. అడగాల్సింది నిజానికి మేమే. చాలా చోట్ల అడగరు, నాకు అదే బాధ.

ఒడియా రాకపోయినా పర్వాలేదు. "మాసిక", "రక్తస్రావ" అంటే వాళ్లకి తెలుస్తుంది. నోటితో చెప్పడం కష్టమైతే రోజుకి ఎన్ని ప్యాడ్లు, ఎన్నో రోజు, గడ్డలున్నాయా అని చీటీ రాసి లేడీ సిస్టర్ చేతికివ్వండి. గైనకాలజిస్టుకి చూపించి స్కాన్ చేయించండి, ఈ వయసులో గర్భాశయంలో ఫైబ్రాయిడ్లు (కణితులు) ఉండొచ్చు, అన్నీ కిడ్నీ మీదకి తోసేయకూడదు.

గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, గుండెదడ, ఆయాసం, కళ్లు తిరగడం ఉన్నా డయాలసిస్ రోజు దాకా ఆగొద్దు, వెంటనే క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.

జవాబు 2 (ఇచ్ఛాపురం నుంచి):
అమ్మా, మా ఆవిడకి నాలుగేళ్లుగా డయాలసిస్. రక్తం తగ్గింది కదా అని నేను దానిమ్మ రసం, ఖర్జూరం, పెరట్లో కొబ్బరి బొండాలు తెగ పట్టించాను. ఒక రాత్రి కాళ్లు చచ్చుబడిపోయాయి, వాటిలో ఉండే పొటాషియం రక్తంలో పేరుకుపోయి 7 దాటిందన్నారు. మన వైపు ఒంట్లో బాగోలేదంటే ముందు బొండమే కొడతాం, వీళ్లకి మాత్రం అది వద్దు. ఐరన్ డయాలసిస్‌లోనే ఇంజెక్షన్‌గా ఇస్తారు, రక్తం పట్టడానికిచ్చే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ ఒక్కటి కూడా మానకండి. ఫిస్టులా (డయాలసిస్ సూది గుచ్చడానికి రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు) ఉన్న చేతికి బీపీ కట్టనివ్వకండి. రోజూ పొద్దున్నే అక్కడ వేలు పెట్టి గుర్రుమని కొట్టుకుంటోందో లేదో చూడండి, లేకపోతే అప్పుడే ఆసుపత్రికి ఫోన్ చేయండి.

ప్రశ్న అడిగినావిడ:
బిళ్లలు వేయలేదు. ఈ రోజు చీటీ ఇచ్చాను, సిస్టర్ చదివి అప్ప పక్కన కూర్చుని మాట్లాడింది, హెపారిన్ లేకుండా చేశారు. నాలుగు గంటలు కాకుండా మూడున్నరకే ఆపాల్సి వచ్చింది, ఫిల్టర్‌లో గడ్డ కట్టిందట. మళ్లీ రక్తం ఎక్కించాలంటున్నారు. నేను కిడ్నీ ఇద్దామనుకుంటున్నాను, రక్తం ఎక్కించడం వల్ల దానికేమైనా అడ్డమా?

జవాబు 1, మళ్లీ:
ఇతరుల రక్తం ఎక్కే కొద్దీ ఒంట్లో యాంటీబాడీలు తయారై, రేపు కిడ్నీ మ్యాచ్ అవడం కష్టం కావచ్చు. ప్రాణం మీదకి వస్తే ఎక్కించాల్సిందే, అప్పుడు వెనకాడొద్దు. కానీ మార్పిడి ఆలోచన ఉందని ఇప్పుడే డాక్టర్‌కి చెప్పి ఫైల్లో రాయించండి. ఎక్కించేది డయాలసిస్ జరుగుతుండగా ఎక్కించమనండి, పైన పడే నీరు, పొటాషియం అక్కడికక్కడే తీసేస్తాం. స్కాన్ రిపోర్టు వచ్చాక ఇక్కడే రాయండి, నేను చూస్తాను.