మొదటిసారి కూరగాయలు పెంచేవాళ్లు గింజ వేయాలా, నారు తెచ్చుకోవాలా?

కొత్తచిగురు:
బాల్కనీలో కుండీలు పెట్టి టమాటా, వంగ, మిరప, బెండ, కొంచెం ఆకుకూర వేద్దామని ఉంది. ఇంతకుముందు ఏ మొక్కా పెంచలేదు. గింజ నుంచి మొదలుపెడితేనే మొక్క సంగతి తెలుస్తుందని ఒకరన్నారు. మొదటిసారి గింజలతో విసిగిపోతారు, నారు తెచ్చుకోండని ఇంకొకరు. ఏది వినాలి? పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఎండ బాగానే పడుతుంది.

వేరుమూలం:
గింజే వేయండి. నర్సరీ నారు ఏ రకమో, ఎలాంటి మట్టిలో పెరిగిందో మనకు తెలియదు. దాంతోపాటే తెల్లదోమ, పిండినల్లి లాంటి మొక్కల రసం పీల్చే పురుగులు ఇంటికొస్తాయి. తెల్లదోమ ఒక్క మొక్క మీద వచ్చినా పక్క కుండీలకు పాకుతుంది, టమాటాలో ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది కూడా అదే. గింజ వేస్తే ఈ బెడద చాలావరకు తప్పుతుంది. పైగా మనకు కావలసిన రకం ఎంచుకోవచ్చు.

పైరుగాలి:
వేరుమూలం గారూ, నారు పెంచడమే ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం. దాన్ని కొత్తవాళ్ల నెత్తిన మొదటే పెడితే ఎలా? మిరప గింజ మొలవడానికే వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో పైమట్టి ఎండిందా, మొలక పోయినట్టే. భయపడి నీళ్లు ఎక్కువ పోశారా, నారుకుళ్లు వస్తుంది. మొలక మొదలు సన్నబడి పక్కకు ఒరిగిపోతుంది, ఒరిగాక ఇక కాపాడలేం. వెలుతురు చాలకపోతే కాడ పాలిపోయి పొడుగ్గా సాగుతుంది. ఇవన్నీ దాటినా, టమాటా నారు నాటేంత కావడానికి 25-30 రోజులు కావాలి. చాలామంది అక్కడే వదిలేస్తారు. మొదటి కాయ కళ్లతో చూసినవాళ్లు వదలరు.

వేరుమూలం:
మరి బెండకు, ముల్లంగికి కూడా నారే తెమ్మంటారా?

నీడపందిరి:
ఇద్దరూ అన్ని మొక్కలనూ ఒకే గాటన కట్టేస్తున్నారు. అసలు అడగాల్సింది ఏ పంటకు ఏది అని.

టమాటా, వంగ, మిరప నారుకు బాగా ఒదుగుతాయి. పీకి నాటేటప్పుడు కొన్ని వేళ్లు తెగినా త్వరగా కొత్తవి వేసుకుంటాయి. టమాటా అయితే కాండం ఎంత మేర మట్టిలో ఉంటే అంత మేరా వేళ్లు పుడతాయి, కాబట్టి కింది ఆకులు తీసేసి లోతుగా నాటవచ్చు. ఈ మూడింటికీ కొత్తవాళ్లు నారు తెచ్చుకోవడంలో తప్పేమీ లేదు.

ముల్లంగి, క్యారెట్‌లో మనం తినేది తల్లివేరునే. మొలకను కదిపితే అది చీలిపోతుంది, వంకర తిరుగుతుంది. వీటికి గింజ తప్ప వేరే దారి లేదు. బెండ, చిక్కుడు కూడా వేరు కదిలితే ఇబ్బంది పడతాయి. గింజ పెద్దది, వేయడం తేలిక. బెండ గింజల్ని ఒక రాత్రి నానబెట్టి అంగుళం లోపు లోతులో వేస్తే, వెచ్చగా ఉన్నప్పుడు వారంలోపే మొలకలు కనిపిస్తాయి. తోటకూర గింజ మరీ సన్నం, పొడి ఇసుకలో కలిపి చల్లితే ఒకేచోట గుంపుగా పడదు. పైన పలుచగా మట్టి చాలు. ఇంచుమించు నెల రోజుల్లో కోతకు వస్తుంది. నన్నడిగితే ప్రతి కొత్త తోటలో మొదటి కుండీ ఆకుకూరదే కావాలి.

ఒక మాట, వీటన్నిటికంటే ముందు కుండీ చూసుకోండి. టమాటా, వంగకు కనీసం 12 అంగుళాల లోతు ఉండాలి, ఆకుకూరకు 6 చాలు. అడుగున రంధ్రాలు లేకపోతే గింజయినా నారయినా ఒకటే, వేరు కుళ్లుతుంది. మీరు చెప్పిన ఎండ సరిపోతుంది.

కొత్తచిగురు:
థాంక్యూ అండీ. నారు కొనేటప్పుడు ఏం చూడాలి?

పైరుగాలి:
ఆకుల అడుగు భాగం. మొక్కను కదిపితే తెల్లటి చిన్న పురుగులు లేచాయా, దాన్ని అక్కడే వదిలేయండి. ముడుచుకుపోయి గిడసబారిన మొక్క కూడా వద్దు. పూత వచ్చిందని పెద్ద మొక్క ఏరుకుంటారు చాలామంది, అది చిన్న కవర్‌లో ముదిరిపోయి వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉంటుంది. పొట్టిగా, కాండం గట్టిగా, 4-5 ఆకులతో ఉన్నది మేలు. సాయంత్రం నాటి రెండు మూడు రోజులు నీడలో ఉంచండి. ఇంకా ఏ మొక్కా లేని బాల్కనీ కాబట్టి వేరుమూలం గారు చెప్పిన పురుగుల సంగతిలో మీకు టెన్షన్ తక్కువే.

వేరుమూలం:
తక్కువ అనకండి. బెండ మొలిచాక అదే తెల్లదోమ దాని మీదికీ వస్తుంది. తెచ్చిన నారును ఒక వారం దూరంగా ఉంచి గమనించాకే మిగతా కుండీల పక్కన పెట్టాలి. ఇంకో సంగతి, ఆ నారు హైబ్రిడ్, అంటే రెండు రకాలను కలిపి తీసినది అయితే దాని కాయల్లోంచి గింజ తీసి వేస్తే అదే రకం రాదు.

పైరుగాలి:
గింజ దాచుకోవడం రెండో ఏడు ఆలోచించవచ్చండీ. వారం దూరంగా ఉంచమన్నది మాత్రం మంచి మాట.

కొత్తచిగురు:
అయితే బెండ, తోటకూర ఈ వారమే గింజలు వేస్తాను. టమాటా, వంగ నారు తెస్తాను. మిరప దగ్గరే ఆగాను.

వేరుమూలం:
మిరప గింజే వేయండి. మిగతావి నడుస్తుంటాయి కాబట్టి తొందర ఉండదు. చిన్న కప్పుల్లో రెండేసి గింజలు, అర అంగుళం కంటే తక్కువ లోతులో. మొలిచేదాకా నీళ్లు ధారగా పోయకుండా చిలకరించండి, మొలక కనపడిన రోజే వెలుతురులోకి మార్చండి. ప్యాకెట్ మీద గడువు తేదీ చూసి కొనండి.