గిగి, గెరిగి: ఇండోనేషియా భాషలో పదం నడుమ దూరే ముక్కలు

ప్రశ్న: ఇండోనేషియా భాషలో గిగి అంటే పన్ను, గెరిగి అంటే రంపానికుండే పళ్ల అంచు. నడుమ ‘ఎర్’ చేరింది కదా, ఇలాగే వేరే మాటలకూ చేర్చుకోవచ్చా?

జవాబు: కుదరదండీ. మొదటి హల్లుకీ దాని అచ్చుకీ మధ్య దూరే ఎల్, ఎర్, ఎమ్ ఇప్పుడు కొత్త మాటలు పుట్టించవు. తుంజుక్ (చూపించడం) నుంచి తెలుంజుక్ (చూపుడువేలు), గెతార్ (కంపనం) నుంచి గెమెతార్ (వణకడం) వచ్చాయి. అర్థానికీ ఒక దారి లేదు: సులింగ్, సెరులింగ్ రెండూ పిల్లనగ్రోవే! కాబట్టి సూత్రంగా కాక, విడి మాటలుగానే బట్టీ పట్టాలి. గెరిగికి మళ్లీ ముందు ‘బెర్’ తగిలించి బెర్‌గెరిగి (పళ్ల అంచు గల) అంటారు. అంటే వాడేవాళ్లకి అది విడదీయని ముద్దే. ప్రత్యయానికి ప్రాణముందో లేదో తేల్చాలంటే నిన్నమొన్న వచ్చిన మాట మీద పెట్టి చూడండి. క్లిక్ నుంచి మెంగ్‌క్లిక్, దిక్లిక్ (క్లిక్ చేయడం, చేయబడటం) వచ్చేశాయి. దాని నడుమ ఎల్, ఎమ్ ఎవరూ దూర్చలేదు.

ఇంకొకరు: మరి కెర్జ (పని) నుంచి కినెర్జ (పనితీరు)? ఆఫీసు కాగితాల నిండా అదే.

జవాబు: మాట బాగా చెలామణిలో ఉంది, పద్ధతి లేదు. ‘ఇన్’ చేరినవి అక్కడ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సంబుంగ్ (అతుకు) నుంచి సినంబుంగ్ (ఎడతెగని) ఇంకొకటి. దానికి బంధువైన ఫిలిప్పీన్స్ భాష తగలోగ్‌లో మాత్రం ఇలా నడుమ దూరే ముక్కలు రోజువారీ క్రియావ్యాకరణం: కాయిన్ (తిను), కుమాయిన్ (తిన్నాడు), కినాయిన్ (తినబడింది).

మనకి దగ్గరి సంగతి ఇంకోటుంది, ఇండోనేషియా మాటల చివర చేరే మన్–వన్. ఇవి సంస్కృతం నుంచి వెళ్లినవే. అక్కడ ‘గల’ అనే అర్థంలో అకారం మీద వత్, ఇకారం మీద మత్ వస్తాయి. అందుకే మనకి ధనవంతుడు, బుద్ధిమంతుడు. బుదిమన్ (వివేకి) అలా తయారుగా ఇండోనేషియా భాషలోకి వెళ్లిందే. సెని (కళ) మీద సెనిమన్ (కళాకారుడు) ఆ భాషలోనే కట్టారు, ఆ తర్వాత ‘మన్’ దాదాపు ఆగిపోయింది. ‘వన్’ మాత్రం జోరుగా ఉంది: వర్తవన్ (విలేకరి), అరబీ మాట మీద ఇల్మువన్ (శాస్త్రవేత్త), ఐరోపా మాట మీద ఫిసికవన్ (భౌతికశాస్త్రవేత్త). ఇకారం ఉన్నా రొహనివన్ (మతాచార్యుడు) అనే అంటారు, పాత నియమం అక్కడ పట్టదు. సెనిమన్‌కి స్త్రీలింగం కూడా సెనివతి. సెనిమతి అనరు, అసలే ఆ భాషలో మతి అంటే చావు.