చెరువుల రీడింగులు సర్వర్‌కి ఎలా పంపాలి: అన్నీ ఒకే అర్రే (జాబితా)లోనా, ఒక్కొక్కటిగానా?

చెరువుగట్టు (భీమవరం)
ఇక్కడి వనామీ రొయ్యల రైతుల కోసం ఒక ఫోన్ యాప్ చేశాను. తెల్లవారేముందు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి ఆ వేళకే కుర్రాళ్లు చెరువు చెరువుకీ తిరిగి డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్, ఉప్పదనం కొలిచి ఫోన్‌లో ఎక్కిస్తారు. గట్ల మీద సిగ్నల్ ఉండదు. రోడ్డెక్కాక అన్నీ కలిసి సర్వర్‌కి వెళ్తాయి.

ఇన్నాళ్లూ అన్నిటినీ కామాలతో కలిపి ఒకే స్ట్రింగుగా (అక్షరాల వరుసగా) పంపాను. వరుస ఇది: చెరువు నంబరు, డీవో, పీహెచ్, ఉప్పదనం, రిమార్కు. మొన్న ఆరో చెరువు రిమార్కులో ఒకబ్బాయి "ఏరియేటర్ ఆగింది, మళ్లీ వేశాం" అని రాశాడు. ఆ ఒక్క కామాతో తర్వాతి గడులన్నీ జరిగిపోయాయి. ఏడో చెరువు డీవో గడిలోకి చెరువు నంబరు వచ్చింది. అసలు డీవో 3.2కి పడిపోయింది, స్క్రీన్ మీద మాత్రం బాగున్నట్టు 7. రైతు అదృష్టం, గట్టు మీదున్న మనిషి రొయ్యలు పైకి తేలడం చూసి ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) వేశాడు. ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు.

ఇక స్ట్రింగు మానేస్తున్నాను. మరి అన్నీ జేసన్ (సమాచారాన్ని బ్రాకెట్లలో రాసే పద్ధతి) అర్రేగా సర్వర్‌కి ఒకే కాల్‌లో పంపాలా, రీడింగుకో కాల్ చెయ్యాలా?

కాలవ ఒడ్డు (ఉండి)
రీడింగుకో కాల్ అండి, నా మాట వినండి. నలభై రీడింగులు ఒకే మూటగా పంపితే మధ్యలో సిగ్నల్ పోయినప్పుడు నలభై మళ్లీ పంపాలి. పైగా అందులో ఒక్కటి తప్పుగా ఉన్నా సర్వర్ మొత్తాన్నీ తిప్పి కొడుతుంది. విడిగా పంపితే వెళ్లినవి వెళ్లినట్టే.

కొబ్బరాకు (అమలాపురం)
వెళ్లిందో లేదో ఫోన్‌కి ఎలా తెలుస్తుందండీ? సర్వర్ దాచుకున్నాక, జవాబు దారిలో పోయిందనుకోండి. ఫోన్ మళ్లీ పంపుతుంది, అదే రీడింగు రెండుసార్లు పడుతుంది. విడిగా పంపినా ఈ చిక్కు తప్పదు.

కొలిచిన క్షణంలోనే ఫోన్ ప్రతి రీడింగుకీ ఒక ప్రత్యేక ఐడీ ఇవ్వాలి. అదే ఐడీ మళ్లీ వస్తే సర్వర్ కొత్త వరుస చేర్చకుండా "చేరింది" అనే జవాబివ్వాలి. జవాబు కూడా అర్రేగానే రావాలి: ఫలానా ఐడీ చేరింది, ఫలానాది ఈ కారణంతో చేరలేదు. అప్పుడు ఒక తప్పు రీడింగు కోసం మిగతా ముప్పై తొమ్మిదీ ఆగవు. జవాబుల్ని ఐడీతోనే జతచేయండి, మూడోదానికి మూడోది అని స్థానం చూసి కాదు. స్థానాన్ని నమ్మినందుకే కదా ఏడో చెరువు అలా అయింది.

గోదారి గట్టు (రాజమండ్రి)
నేను అర్రే వైపే. కానీ అర్రేలో నన్ను దెబ్బతీసిన సంగతి ఒకటి చెప్పాలి.

చాలా ఏళ్ల కిందట ఒక పాత సోప్ (సర్వర్లు ఎక్స్ఎమ్ఎల్ ట్యాగులతో మాట్లాడుకునే పద్ధతి) సర్వీసు నుంచి రైతు చెరువుల జాబితా తెచ్చే పని చేశాను. టెస్టింగుకి ఇచ్చినవాళ్లంతా ఐదారు చెరువులున్న రైతులు, అంతా బాగుంది. ఊళ్లోకి వెళ్లాక ఒకే చెరువున్న రైతులకి పిచ్చి లెక్కలు కనపడ్డాయి. ఎక్స్ఎమ్ఎల్‌లో జాబితా అంటే ఒకే ట్యాగు మళ్లీ మళ్లీ రావడమే. అది ఒక్కసారే వస్తే పీహెచ్‌పీ (సర్వర్ ప్రోగ్రాములు రాసే భాష) సోప్ క్లయింట్ అర్రే బదులు ఒక్క ఆబ్జెక్టు (పేర్లున్న గడుల మూట) చేతిలో పెడుతుంది. నా లూపు చెరువుల మీద తిరగాల్సింది పోయి, ఆ ఒక్క చెరువు లోపలి గడుల మీద తిరిగింది. సింగిల్ ఎలిమెంట్ అర్రేస్ అనే ఫీచర్ ఆన్ చేస్తే సరిపోయింది. అది తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. చిన్న రైతుకే యాప్ పనిచెయ్యలేదన్న బాధ ఇప్పటికీ ఉంది.

జేసన్‌లో ఒక్కటున్నా చదరపు బ్రాకెట్లు ఉంటాయి కాబట్టి నయం. అయినా పీహెచ్‌పీలో అర్రే మధ్య నుంచి ఒకటి తీసేసి అలాగే జేసన్ చేస్తే వరుస నంబర్లు తెగి అది ఆబ్జెక్టుగా మారిపోతుంది. పంపేముందు నంబర్లు మళ్లీ వరసగా వేసుకోండి. వెబ్ ఫారం గడులుగా మాత్రం పంపకండి. పీహెచ్‌పీ మామూలు సెట్టింగులో 1000 గడుల దగ్గర ఆపేస్తుంది. రీడింగుకి ఐదు గడులంటే 200 రీడింగులే. మిగతావి లాగ్‌లో ఒక హెచ్చరిక మిగిల్చి పోతాయి, ఫోన్‌లో కుర్రాడికి ఏమీ తెలియదు.

కాలవ ఒడ్డు (ఉండి)
ఐడీ సంగతి ఒప్పుకుంటున్నాను. మూట సైజు విషయంలో మాత్రం నా మాట మారదు. మా వైపు సిగ్నల్‌కి ఒక్కో కాల్‌కి ఇరవై దాటకూడదు.

చెరువుగట్టు (భీమవరం)
ఇరవై చొప్పునే పెడతాను. ఇంకొక్కటి. మీటరు పాడై కొలవని చెరువుకి ఇప్పుడు సున్నా వెళ్తోంది. డీవో సున్నా అంటే రైతుకి గుండె ఆగిపోతుంది. ఇకపై అక్కడ నల్ (విలువ లేదు అనే గుర్తు) పంపి, స్క్రీన్ మీద "కొలవలేదు" అని చూపిస్తాను. ఈ రాత్రి ఒకే చెరువున్న రైతు ఖాతాతో మొదట టెస్టు చేసి, రేపు తెల్లారగట్ల నేనే గట్టు మీదకి వెళ్తున్నాను.