థార్ టైర్లకి పోర్టబుల్ కంప్రెసర్: ఏం చూసి కొనాలి?

మధురవాడ థార్:

థార్ ఫోర్‌బైఫోర్, టైర్లు 255/65 ఆర్18. పాడేరు, అనంతగిరి వైపు లోపలి మట్టిదార్లలో వాడకం. రాళ్ల మీద 22 పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత), బురదలో, వదులు ఇసుకలో 18 దాకా గాలి తీసి, తారు రోడ్డెక్కే ముందు మళ్లీ 32కి కొట్టుకోవాలి. ఆన్‌లైన్‌లో ఒకడు 150 పీఎస్ఐ అంటాడు, ఇంకొకడు నిమిషానికి 160 లీటర్లు అంటాడు. చేతిలో పట్టే బ్యాటరీ పంపుకి కూడా "ఆఫ్‌రోడ్" అని స్టిక్కరు అంటించేశారు. నాలుగు టైర్లూ పావుగంటలో అయిపోవాలి, మధ్యలో పంపు వేడెక్కి ఆగకూడదు. సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెట్టేది చాలా, బ్యాటరీకి క్లిప్పులు తగిలించేదే కావాలా? డబుల్ సిలిండర్ అవసరమా?

వాల్వ్ పిన్ను:

ముందు ఆ 150 పీఎస్ఐ సంగతి మర్చిపోండి. మీకు కావలసింది 32. సైకిల్ పంపు కూడా అంతకంటే ఎక్కువే కొడుతుంది. పంపుకీ పంపుకీ తేడా చూపేవి రెండే: 30 పీఎస్ఐ ఎదురొత్తిడి ఉన్నప్పుడు నిమిషానికి ఎంత గాలి తోస్తుంది, ఆపకుండా ఎంతసేపు తోయగలదు.

లెక్క చూడండి. మీ సైజు టైరులో గాలి పట్టే జాగా సుమారు 60 లీటర్లు. పెంచాల్సిన పీఎస్ఐని 14.7తో (బయటి గాలి ఒత్తిడి) భాగించి, దాన్ని 60తో గుణిస్తే బయటి నుంచి ఎంత గాలి లాగాలో వస్తుంది. 18 నుంచి 32కి అంటే 14 పీఎస్ఐ, టైరుకి 57 లీటర్లు. నాలుగింటికి దాదాపు 230. పావుగంటలో అవ్వాలంటే, గొట్టం మార్చుకునే టైము తీసేస్తే, పంపు నిజంగా నిమిషానికి 19, 20 లీటర్లు తోయాలి.

డబ్బా మీద వేసే అంకె మాత్రం గొట్టం ఖాళీగా వదిలేసి కొలిచింది. టైరులో ఒత్తిడి పెరిగే కొద్దీ అది పడిపోతుంది, చిన్న పంపుల్లో మరీ ఎక్కువ పడిపోతుంది. కాబట్టి డబ్బా మీద 35కి తక్కువ ఉన్నది మీ టైర్లకి తీసుకోవద్దు. 160 అన్నవాడిని ఆంపియర్లు అడగండి. వయెయిర్ 88పీ అనే అమెరికా పంపుకి 20 ఆంపియర్లు లాగితే వచ్చేది 1.47 సీఎఫ్ఎం, అంటే ఏ ఒత్తిడీ లేనప్పుడు నిమిషానికి సుమారు 41 లీటర్లు. ఏఆర్‌బీ ట్విన్ అనే పెద్ద పంపు 174 లీటర్లు ఇస్తుంది గానీ దానికి రెండు మోటార్లు, ఎక్కువగా బండిలో బిగించుకునే సరుకు. 15 ఆంపియర్ల వైరుతో వచ్చే చేతి సంచీ పంపు 160 ఇస్తానంటే అది గాలి కబురే.

డ్యూటీ సైకిల్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, తప్పక చదవండి. 33 శాతం అంటే అరగంటలో పది నిమిషాలు నడిపి ఇరవై నిమిషాలు ఆపాలి. అది 100 పీఎస్ఐ దగ్గర ఇచ్చిన అంకె అయితే 30 దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు నడుస్తుంది. ఏ ఒత్తిడి దగ్గరో రాయకుండా ఉత్త శాతం వేశారంటే నమ్మకండి. థర్మల్ కటాఫ్ (బాగా వేడెక్కితే పంపుని దానంతటదే ఆపేసేది) ఉందా లేదా కూడా చూడండి. లేనిదైతే వేడికి ముందు పిస్టన్ రింగు అరుగుతుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, చప్పుడూ వస్తుంది, ముల్లు మాత్రం 25 దాటదు.

డబుల్ సిలిండర్ అన్న మాటకి విడిగా విలువ లేదు. రెండు బుల్లి సిలిండర్ల కంటే ఒక పెద్ద సిలిండరు బాగా తోసే సందర్భాలున్నాయి. కొన్న రోజే ఇంటి దగ్గర పరీక్ష పెట్టండి: ఒక టైరుని 18కి దించి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, 32 వచ్చేదాకా ఫోన్‌లో టైము చూడండి. 57ని ఆ నిమిషాలతో భాగిస్తే మీ పంపు అసలు స్తోమత తేలిపోతుంది. మూడు నిమిషాల్లో అయితే ఉంచుకోండి. ఆరు పడితే రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపెయ్యండి. ఎందుకంటే నాలుగు టైర్లకి 24 నిమిషాలు, మూడో టైరు దగ్గరే కటాఫ్ పడుతుంది.

ఆటోనగర్ వైరింగ్:

సాకెట్ ప్రశ్నకి నేను చెప్తాను. సాకెట్ మూత మీద చాలా బళ్లలో 12 వోల్ట్ 120 వాట్ అని ఉంటుంది. అంటే 10 ఆంపియర్లు. మీకు పనికొచ్చే పంపు 20 పైనే లాగుతుంది. ఫ్యూజు పోతే అదృష్టం అనుకోండి. "మాటిమాటికీ పోతోంది" అని పెద్ద ఫ్యూజు వేసేవాళ్లుంటారు. అప్పుడు ఫ్యూజు బతుకుతుంది, లోపల సన్నవైరు కాలుతుంది, సాకెట్ నడిమి పిన్ను దగ్గర ప్లాస్టిక్ కరుగుతుంది. బ్యాటరీ క్లిప్పులే తీసుకోండి.

వరస ఇదీ. ముందు ఇంజిన్ స్టార్ట్ చెయ్యండి, హ్యాండ్‌బ్రేక్ వెయ్యండి, గేరు న్యూట్రల్. పంపు స్విచ్ ఆఫ్‌లో ఉండగా ఎర్ర క్లిప్పు ప్లస్‌కి, తర్వాత నల్లది బ్యాటరీకి కొంచెం దూరంగా ఉన్న ఇనుప బోల్టుకి. వైరు ఫ్యాన్ బెల్టు వైపు వేలాడకుండా చూసి, అప్పుడు స్విచ్. తీసేటప్పుడు దీనికి తలకిందులు. ఇంజిన్ ఆపి నడిపితే బ్యాటరీ 12 వోల్ట్‌ల చుట్టూ ఉంటుంది, నడుస్తుంటే 14కి దగ్గరగా. ఆ తేడా టైములో కనబడుతుంది.

వెనక టైర్లు అందవని కరెంటు వైరు పొడిగిస్తారు, అక్కడే దెబ్బ తింటారు. 25 ఆంపియర్లు లాగే పంపుకి 3 మీటర్ల వైరు కలిపారనుకోండి. పోను రాను 6 మీటర్లు. 1.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల మందం) రాగివైరు వేస్తే ఒకటిన్నర వోల్ట్ పైనే దారిలో పోతుంది. 2.5 వేస్తే ఒక వోల్ట్, 6 స్క్వేర్ వేస్తే అర వోల్ట్ లోపే. అందుకే పంపుని బ్యాటరీ పక్కనే ఉంచి, గాలిగొట్టాన్ని పొడవుది కొనండి. థార్‌కి 7, 8 మీటర్ల గొట్టం ఉంటే దూరపు వెనక చక్రానికి కూడా ఇబ్బంది లేకుండా అందుతుంది. గొట్టం పొడవైతే గాలి పెద్దగా తగ్గదు.

మళ్లీమళ్లీ బానెట్ ఎత్తి క్లిప్పులు తగిలించడం విసుగనిపిస్తే 6 స్క్వేర్ వైరుతో 50 ఆంపియర్ల ఆండర్సన్ ప్లగ్గు (ఎక్కువ కరెంటుకి వాడే జత ప్లగ్గు) ఒకటి ముందు గ్రిల్లు దగ్గర పెట్టించుకోండి. ప్లస్ టెర్మినల్‌కి జానెడు దూరం లోపలే ఫ్యూజు పడాలి, పంపు దగ్గర కాదు. ఫ్యూజు కాపాడేది పంపుని కాదు, బండి వైరుని. మన దగ్గర ఉప్పుగాలికి క్లిప్పుల పళ్లు, ప్లగ్గు రాగి తొందరగా పచ్చబడతాయి. వాడాక తుడిచి, కొంచెం పెట్రోలియం జెల్లీ రాసి ఉంచితే చాలు.

పాడేరు రోడ్డు:

పెద్ద పంపు అందరికీ అక్కర్లేదని ఒక మాట. రాళ్లు తేలిన దారి, గుంతల మట్టిరోడ్డు అయితే 24 దాకా దించితే సరిపోతుంది. 24 నుంచి 32కి టైరుకి 33 లీటర్లే. నిజంగా 12 లీటర్లు తోసే చిన్న పంపు కూడా మూడు నిమిషాల్లో ఇస్తుంది. జిమ్నీ 195/80 ఆర్15 అయితే టైరే చిన్నది, సుమారు 40 లీటర్లు, ఇంకా సులువు. 18కి, ఇంకా కిందకి దించేవాళ్లకే పైన చెప్పినదంతా. మామూలు రిమ్ములతో 15 కిందకి పోతే, మలుపులో టైరు అంచు రిమ్మునుంచి ఊడొచ్చు. 18లో ఉన్నంతసేపు నెమ్మదిగా పోవాలి, తారు మీద అలాగే పరుగెత్తిస్తే సైడ్‌వాల్ (టైరు పక్కభాగం) లోపల కాలిపోతుంది.

ఇసుక అన్నారు కాబట్టి: భీమిలి వైపు బీచ్‌లోకి బండి దించే ఆలోచన వద్దు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ ఒడ్డంతా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు. ఎర్రమట్టి దిబ్బలైతే రక్షిత ప్రాంతం, అటు చూడనే కూడదు.

చలికాలంలో మరో తిరకాసు. విశాఖలో సాయంత్రం 30 డిగ్రీల్లో 32 పెట్టుకుని బయల్దేరి, తెల్లారి లంబసింగిలో 6 డిగ్రీల్లో చూస్తే, చలికి మూడున్నర దాకా తగ్గాలి. కానీ అక్కడ ఎత్తు వెయ్యి మీటర్ల చుట్టూ ఉంటుంది, బయటి గాలి ఒత్తిడి తగ్గడం వల్ల గేజిలో ఒకటిన్నర పెరిగి కనబడుతుంది. రెండూ కలిసి 30 చూపిస్తుంది. పంక్చర్ అనుకుని కంగారుపడకండి, కొట్టకండి కూడా. అక్కడ 32 చేస్తే మధ్యాహ్నానికి కిందకి దిగేసరికి 34 దాటుతుంది. పైన గాలి పలచన కాబట్టి అదే పంపు పదో వంతు నెమ్మదిస్తుంది, అదీ లెక్కలో పెట్టుకోండి.

మధురవాడ థార్:

చాలా క్లియర్‌గా ఉంది, థాంక్సండీ. అయితే బ్యాటరీ క్లిప్పులు, డబ్బా మీద కనీసం 35 లీటర్లు, 8 మీటర్ల గొట్టం. రెండు చిన్న డౌట్లు. పంపుతో వచ్చే గేజిని నమ్మొచ్చా? మర బిగించే మూతి మంచిదా, లివర్ క్లిప్పుదా?

వాల్వ్ పిన్ను:

నడుస్తున్నప్పుడు ఆ గేజి చూపేది గొట్టంలో ఒత్తిడి, టైరులోది కాదు. మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువే చూపిస్తుంది. స్విచ్ ఆపి, ముల్లు నిలబడ్డాక చదవండి. విడిగా 0 నుంచి 60 దాకా ఉండే డయల్ గేజి ఒకటి కొని, దిగినప్పుడూ ఎక్కినప్పుడూ దానితోనే చూడండి. 150 దాకా ఉన్న గేజిలో 18కీ 20కీ మధ్య గీత కూడా ఉండదు. గేజి రెండు పాయింట్లు అటూఇటూ అయినా కొంప మునగదు, నాలుగింటికీ ఒకటే గేజి వాడితే చాలు.

మూతి విషయంలో నా ఓటు లివర్ క్లిప్పుకే. మరది బలంగా పట్టుకుంటుంది గానీ విప్పేటప్పుడు బుస్సుమని ఒకటి రెండు పీఎస్ఐ పోతుంది. ఏదైనా సరే, బరువైన గొట్టాన్ని రబ్బరు వాల్వు మీద వేలాడదీయకండి. వాల్వు మొదట్లో రబ్బరు చీరుతుంది, బయటికి కనబడదు, రోజుకి రెండు పాయింట్లు దిగుతుంటుంది. ఉమ్మి రాస్తే బుడగలొస్తాయి. టైర్లు మార్చినప్పుడు మెటల్ వాల్వులు వేయించుకోండి.

గొట్టంలో చూడాల్సింది పంపు దగ్గరి మొదటి జానెడు. అక్కడ గాలి బాగా కాలుతూ బయటికొస్తుంది. ఆ ముక్క స్టీలు అల్లిక ఉన్నదై ఉండాలి. మామూలు పీవీసీ అయితే ఎండాకాలంలో మెత్తబడి జాయింటు దగ్గరే ఊడుతుంది.

ఆటోనగర్ వైరింగ్:

సంచీలో చవక సరుకు ఒకటి మర్చిపోతారు: వాల్వు పిన్ను (వాల్వు లోపల గాలిని ఆపే చిన్న ముక్క) విప్పే రెంచి, నాలుగు స్పేర్ పిన్నులు. మట్టి ఉన్న వాల్వుకి నేరుగా పంపు పెట్టకుండా, గోటితో పిన్ను నొక్కి ఒక్కసారి గాలి ఊదించండి. లేకపోతే ఆ ఇసుకరేణువే పిన్ను సీటులో కూర్చుని లీకు మొదలవుతుంది.

టైరు అంచు రిమ్మునుంచి ఊడితే కూడా ఆ రెంచే దిక్కు. జాకీ ఎత్తి, అంచులకి సబ్బునీళ్లు రాసి, ట్రెడ్డు చుట్టూ రాచెట్ బెల్టు (సామాను బిగించి కట్టే పట్టీ) బిగించి, పిన్ను తీసేసి గాలి కొట్టండి. పిన్ను లేకపోతే దారి వెడల్పై గాలి ఒక్కసారిగా పోతుంది, "టక్" మని రెండు వైపులా అంచు కూర్చుంటుంది. అంచు పట్టగానే బెల్టు వదులు చెయ్యండి. తర్వాత పిన్ను పెట్టి మామూలుగా నింపుకోవడమే. పెట్రోలు పోసి అగ్గిపుల్ల గీసే వీడియోల జోలికి పోవద్దు. 40 లీటర్ల పంపుతో ఒక్కోసారి ఇది కుదరదు కూడా, అందుకే స్టెప్నీలో గాలి బయల్దేరేముందే చూసుకోవాలి.