డయట్రైబ్‌ని తెలుగులో ఎలా చెప్పాలి?

ప్రశ్న: ఒక ఇంగ్లిష్ వ్యాసంలో ఒక నాయకుడు పత్రికల మీద ‘లాంచ్డ్ ఎ డయట్రైబ్’ అని ఉంది. ‘తీవ్రంగా విమర్శించారు’ అంటే సరిపోతుందా? ‘తూర్పారబట్టారు’ అనొచ్చా?

జవాబు: మొదటిది చప్పగా ఉంది. తీవ్ర విమర్శ ఒక్క ముక్కలోనూ చేయొచ్చు, గొంతు పెంచకుండా లెక్కలు చూపిస్తూనూ చేయొచ్చు. డయట్రైబ్ అలా కాదు. పొడవుగా సాగాలి, కోపం కనబడాలి, ఎదుటి పక్షం మాట వినే ఉద్దేశం ఉండకూడదు. ఒక్క తిట్టు తిట్టి ఊరుకుంటే అది డయట్రైబ్ కాదు.

రెండోది ఇంకా చిక్కు. తూర్పారబట్టడం కళ్లంలో పని. ధాన్యాన్ని చేటతో పైకెత్తి గాలివాటున పోస్తే పొల్లు ఎగిరిపోతుంది, గింజ కింద పడుతుంది. అందుకే ‘తూర్పారబట్టారు’, ‘ఎండగట్టారు’ అన్నప్పుడు విమర్శించినవాడిదే న్యాయమని ధ్వనిస్తుంది. డయట్రైబ్‌లో అనేవాడి మీదే చిన్నచూపు ఉంది. తన ప్రసంగాన్ని తానే డయట్రైబ్ అని ఎవరూ చెప్పుకోరు, వెక్కిరింపుకి తప్ప. కాబట్టి ‘పత్రికలపై ఏకధాటిగా దుమ్మెత్తిపోశారు’ అనండి. పొడవు ‘ఏకధాటిగా’లో వచ్చింది, చిన్నచూపు ‘దుమ్మెత్తిపోయడం’లో ఉంది. ‘నిప్పులు చెరిగారు’లో కోపం ఉంది గానీ తప్పెవరిదో తేలదు.

ఇంకొకరు: పాత పుస్తకాల్లో జాగ్రత్త. గ్రీకు ‘డయాట్రిబే’కి మూలార్థం అరగదీయడం, దాన్నుంచి కాలం గడపడం, ఆపైన తత్వవేత్త శిష్యులకు చేసే బోధ. ప్రాచీన తత్వవేత్త ఎపిక్టెటస్ బోధలను ఆయన శిష్యుడు అరియన్ రాసిపెట్టాడు, వాటి గ్రీకు పేరు ‘డయాట్రిబై’. ఆ పేరులో తిట్ల అర్థమేమీ లేదు! ఇంగ్లిష్‌లోనూ మొదట ప్రసంగం, చర్చ అనే అర్థమే. కోపం 19వ శతాబ్దంలో స్థిరపడింది.

వాడుకలో తరచూ దొర్లే తప్పు, దీన్ని క్రియ చేయడం. ‘హి డయట్రైబ్డ్’ అనకూడదు. ఇది నామవాచకమే, తర్వాత ‘అగైన్‌స్ట్’ వస్తుంది. ఉచ్చారణలో ఊనిక ‘డ’ మీద. చివర ‘ట్రైబ్’ వినిపించినా తెగలతో చుట్టరికం లేదు.

ప్రశ్న: టైరేడ్ కూడా ఇదేనా?

జవాబు: దగ్గరిదే. టైరేడ్ ఎక్కువగా నోటి మాట, ఉన్నట్టుండి బద్దలయ్యేది. డయట్రైబ్ నాలుగు పేజీల వ్యాసమూ కావచ్చు. ఫ్రెంచి నాటకాల వాళ్లు మాత్రం ఒక పాత్ర ఆపకుండా చెప్పే పొడవాటి సంభాషణనే ‘తిరాద్’ అంటారు, కోపం లేకపోయినా. ఒకే మనిషిని గురిపెట్టినదైతే ఫిలిప్పిక్ అనే మాట ఉంది. మాసిడోనియా రాజు ఫిలిప్ మీద గ్రీకు వక్త డెమోస్తనీస్ చేసిన ప్రసంగాల వల్ల వచ్చింది. క్రీ.పూ. 44–43లో రోమన్ నాయకుడు మార్క్ ఆంటొనీ మీద రోమన్ వక్త సిసెరో సిద్ధం చేసిన 14 ప్రసంగాలకూ అదే పేరు.

మరొకరు: వీటిలో దేనికీ ‘చీవాట్లు’ వాడకండి. అవి పైవాళ్లు కిందివాళ్లకు పెట్టేవి. అధికారులకు హైకోర్టు ‘అక్షింతలు వేసింది’ అన్నా అంతే. డయట్రైబ్‌కి హోదాతో పనిలేదు, గుమాస్తా కూడా మంత్రి మీద చేయొచ్చు.