క్లాసికల్ హోమ్‌స్కూల్: లాటిన్ ఉంచాలా, తెలుగు ఉంచాలా?

ప్రశ్న: అందరికీ వందనాలు. మేం డాలస్ దగ్గర ఉంటాం, పాపకి 9, బాబుకి 6. ఆగస్టులో పాపని బడి మాన్పించి ఇంట్లోనే క్లాసికల్ క్రిస్టియన్ పద్ధతిలో, అంటే లాటిన్, కంఠస్థం లాంటి పాతకాలపు చదువుని బైబిలుతో కలిపి చెప్పే పద్ధతిలో, మొదలుపెట్టాను. బైబిలు, లాటిన్, లెక్కలు, చరిత్ర, సైన్స్, కంఠస్థం అన్నీ పెట్టేసరికి పొద్దున 8 నుంచి 3 దాకా ఊపిరి ఆడట్లేదు, అయినా నవంబరుకే వెనకబడ్డాం. తెలుగు ఎక్కడా దూరట్లేదు. అత్తయ్యగారు ఫోన్ చేసినప్పుడల్లా అదే గొడవ. లాటిన్ తీసేయనా? అసలు ఇన్ని సబ్జెక్టులు చెప్పాలని ఇక్కడ రూలుందా?

జవాబు: వందనాలు సిస్టర్. రూలు సంగతి చిన్నదే. టెక్సస్‌లో హోమ్‌స్కూల్‌ని ప్రైవేటు బడి కిందే లెక్కేస్తారు, 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు లీపర్ కేసులో తేల్చింది. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరులుగా మెలగడం, ఈ ఐదూ ఉండాలి. లాటిన్ అందులో లేదు. పాప పబ్లిక్ స్కూల్లో చదివి ఉంటే మాన్పిస్తున్నట్టు రాసిచ్చిన కాగితం కాపీ దాచుకోండి.

ఇంకో జవాబు: అమ్మా, నేను ముగ్గురికి చెప్పినదాన్ని, కాస్త గట్టిగా అంటాను, ఏమనుకోకు. ఈ పద్ధతికి ఊపిరి పోసింది 1947లో ఇంగ్లీషు రచయిత్రి డొరతీ సేయర్స్ ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ప్రసంగం. చిన్న వయసుని ఆవిడ చిలక వయసంది, అంటే ఏది చెప్పినా వల్లె వేసే వయసు. మన వీధిబడుల్లో ఎక్కాలు, శతక పద్యాలు అర్థం తర్వాత సంగతి అని నోటికి పట్టించింది ఆ వయసుకే కదా! కాబట్టి తెలుగుకి వేరే పీరియడ్ ఎందుకు, కంఠస్థం టైములోనే పెట్టేయ్. వారానికో వేమన పద్యం, నెలకో బైబిలు కీర్తన, 23వ కీర్తనతో మొదలుపెట్టు.

లాటిన్ తీసెయ్యకు, తగ్గించు, రోజుకి 15 నిమిషాలు చాలు. తెలుగొచ్చిన పిల్లలకి అది తేలిక. అమో, అమాస్, అమత్ అంటే ప్రేమిస్తాను, ప్రేమిస్తావు, ప్రేమిస్తాడు. నేను, నువ్వు అని విడిగా అనక్కర్లేదు, క్రియ చివరే చెప్పేస్తుంది, అచ్చం మనలాగే. విభక్తులూ అంతే. ఇంగ్లీషొక్కటే వచ్చినవాళ్లు పుయెల్లా (అమ్మాయి) కాస్తా పుయెల్లమ్ ఎందుకైందని తల పట్టుకుంటారు, మీ పాపకైతే అమ్మాయి, అమ్మాయిని అని చెప్తే సరి. ఈ లెక్కన తెలుగు మానేస్తే లాటిన్‌కే నష్టం.

ప్రశ్న అడిగినవారు: అక్కా, ఇది నాకు తట్టనే లేదు! మరి బాబుకి?

ఇంకో జవాబు: ఆరేళ్లవాడికి లాటిన్ ఏమిటమ్మా, వాడికి చదవడం, లెక్కలు, కథలు చాలు. చరిత్ర, సైన్స్ ఇద్దరినీ కూర్చోబెట్టి కలిపి చెప్పు, అవి కూడా రోజు మార్చి రోజు. పాప పెద్దయ్యాక, పద్యం కూడబలుక్కుని చదవగలిగితే, జాషువా ‘క్రీస్తు చరిత్ర’ తెప్పించు, 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిన కావ్యం. ఈలోపు మీ అత్తయ్యగారికి ఒక పని అప్పజెప్పు: ఆదివారం వీడియో కాల్లో ఆ వారం పద్యం ఒప్పజెప్పించుకోవడం. మా అత్తగారికీ అదే పెట్టాను, తప్పు పోతే ఊరుకోదు.