దినాల భోజనానికి పిలిస్తే ఎట్లా?

కడపలో పక్కింటి హిందువుల్లో ఎవరైనా పోతే ముస్లింలమైన మేం వెళ్లి పలకరించడంలో సందేహం లేదు. యూదుడి శవం పోతుంటే ప్రవక్త ముహమ్మద్ (స) లేచి నిలబడి, 'అదీ ఒక ప్రాణమే కదా' అన్నారని బుఖారీ సంకలనంలోని హదీసు (ప్రవక్త మాటలు, చేతల కథనం). పోయినవారి మన్నింపు కోసం దుఆ (ప్రార్థన) చేయం గానీ, "అల్లా మీకు ఓర్పునివ్వాలి" అనొచ్చు.

చిక్కంతా దినాల భోజనం దగ్గరే. శాకాహారమే, సరే. నైవేద్యం పెట్టింది తినకూడదని చాలామంది ఆలిముల (మత పండితుల) మాట. మరి పిండానికి తీసిన అన్నం, విస్తట్లో వడ్డించే అన్నం ఒకే గిన్నెలోదైతే? దుఃఖంలో ఉన్నవాళ్లను ఆ మాట అడగలేం. విస్తరి ముందు కూర్చుని లేస్తే వాళ్ల మనసు ఇంకా కష్టపడుతుంది.

ముందురోజే పండ్లు తీసుకెళ్లి కాసేపు కూర్చుని వస్తే మర్యాద నిలుస్తుందా? కడప, ప్రొద్దుటూరు వైపు పెద్దలు ఏం చెప్తారు? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.